గులాబీ పండ్ల రసానికి గాలి గండం

ఓడ వైద్యుడు జేమ్స్ లిండ్ చేసిన పరీక్ష వైద్యచరిత్రలో చాలా ప్రసిద్ధమైనది. 1747లో సాలిస్‌బరీ అనే బ్రిటిష్ యుద్ధనౌక మీద 12 మంది నావికులు స్కర్వీతో మంచం పట్టారు. చిగుళ్ళు కుళ్ళాయి, ఒళ్ళంతా మచ్చలు, మోకాళ్ళలో సత్తువ లేదు. లిండ్ వాళ్ళను ఇద్దరిద్దరిగా విడదీసి ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చాడు. నారింజలు, నిమ్మపండ్లు తిన్న జంట వారం తిరక్కుండానే కోలుకోసాగింది. ఈ కథ ఇక్కడిదాకా అందరూ చెబుతారు. తరువాతి భాగం అంతగా ఎవరూ చెప్పరు.

నెలల తరబడి సాగే ఓడ ప్రయాణంలో తాజా పండ్లు నిలవవు. అందుకని 1753లో అచ్చయిన తన గ్రంథంలో లిండ్ ఒక ఉపాయం రాశాడు. పండ్ల రసం పిండి, మెరుగు పూసిన వెడల్పాటి మట్టిపాత్రలో పోసి, దాన్ని వేడినీళ్ళలో గంటల తరబడి ఉంచి, రసం పాకంలా చిక్కబడ్డాక సీసాకెత్తుకోమన్నాడు. ‘రాబ్’ అనేవారు దాన్ని. ఏళ్ళ తరబడి చెడిపోకుండా ఉంటుందన్నాడు. రసం చెడిపోలేదన్నది నిజమే. కానీ రోగం కుదిర్చే గుణం కాచేటప్పుడే చాలా వరకు పోయింది, మిగిలినది నిలవలో పోయింది. మందు కనిపెట్టిన మనిషే దాన్ని దాచే దారిలో పోగొట్టాడు. బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసాన్నే అందరికీ ఇవ్వడం మొదలుపెట్టింది 1795 ప్రాంతంలో, అంటే లిండ్ పోయాక.

ఇప్పుడు 1941కి రండి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. జర్మన్ జలాంతర్గాములు అట్లాంటిక్‌లో సరుకుల ఓడలను ముంచుతున్నాయి. బ్రిటన్‌లో నారింజ కంటికి కనబడటం లేదు. నారింజ, నిమ్మల్లో స్కర్వీని కుదిర్చే ఆ గుణం విటమిన్ సిదే. దాన్ని పిల్లలకు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నకు ఆ ప్రభుత్వం వెతుక్కున్న జవాబు ఊళ్ళ బయట పొలాల కంచెల్లో ఉంది. అక్కడ అడవి గులాబీ ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. వేసవిలో ఐదు రేకల లేత గులాబిరంగు పువ్వు, సెప్టెంబరుకల్లా ఎర్రని చిన్న పండు. బడిపిల్లలు, స్కౌట్లు, పల్లెటూరి మహిళా సంఘాలవాళ్ళు బుట్టలు పట్టుకుని ఆ ముళ్ళ పొదల మీద పడ్డారు. యుద్ధం చివరి మూడేళ్ళలో సగటున ఏడాదికి 450 టన్నుల పండు కోశారు. ఫ్యాక్టరీల్లో దాన్ని కాచి, వడకట్టి, పంచదార కలిపి సిరప్ చేశారు. తల్లులకు, పిల్లలకు సంక్షేమ కేంద్రాల్లో ఇచ్చారు. ఇంట్లో చేసుకునేవాళ్ళకు ఆహార మంత్రిత్వ శాఖ కొలతలతో సహా కరపత్రం పంచింది.

లిండ్ నిమ్మరసాన్ని కాచాడు, గుణం పోయింది. బ్రిటన్ గృహిణి గులాబీ పండ్లను ఇంకా ఎక్కువ వేడిలో కాచింది, గుణం నిలిచింది. వేడి తగిలితే విటమిన్ సి చచ్చిపోతుందని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. అదే పూర్తి నిజమైతే ఈ రెండో సంగతి జరగకూడదు. ఈ అధ్యాయమంతా ఆ చిక్కుముడి చుట్టూనే తిరుగుతుంది. అది విప్పితే గులాబీ పండ్ల రసం చేయడంలో ప్రతి పనికీ కారణం దానంతటదే తెలుస్తుంది.

ముందు పండు గురించి. గులాబీకి పండు ఏమిటని మనవాళ్ళు ఆశ్చర్యపోవడం సహజం. మన పెరళ్ళలో పువ్వును పూజకో కొప్పుకో కోసేస్తాం, పండయ్యేదాకా ఉండనివ్వం. పైగా మనం పెంచే ముద్ద గులాబీల్లో కేసరాలు చాలావరకు రేకలుగా మారిపోయి ఉంటాయి కాబట్టి పువ్వు ఉంచినా పండు అరుదు. ఒంటి రేకల అడవి గులాబీల సంగతి వేరు. యూరప్ కంచెల్లో రోజా కెనైనా, అమెరికా ఈశాన్య తీరపు ఇసుక దిబ్బల మీద తూర్పు ఆసియా నుంచి వచ్చి స్థిరపడ్డ రోజా రుగోసా, మన లడఖ్ లోయల్లో రోజా వెబ్బియానా, అన్నీ పండ్లు కాస్తాయి. ఇంగ్లిష్‌లో రోజ్‌హిప్ అంటారు.

మనం పండు అనుకునే ఆ ఎర్రని కండ వృక్షశాస్త్రం ప్రకారం పండు కాదు. పువ్వు కింద ఉండే గిన్నెలాంటి భాగమే ఉబ్బి, కండపట్టి, ఎర్రబడుతుంది. అసలు పండ్లు లోపల గింజల్లా కనిపించే గట్టి పలుకులు. వాటి చుట్టూ సన్నని బిరుసు నూగు కిక్కిరిసి ఉంటుంది. ఆ నూగు ఒంటికి తగిలితే దురద. ఇంగ్లండ్ బడిపిల్లలు ఒకరి చొక్కా వీపులో ఒకరు వేసుకునే దురదపొడి ఇదే. గొంతులో, పేగుల్లో కూడా అది గుచ్చుకుంటుంది. కనుక ఈ పండును కొరికి తినడం కన్నా రసం తీయడమే మేలు. రసం తీయడంలో వడకట్టుకి అంత ప్రాధాన్యం కూడా అందుకే.

విటమిన్ ఎంత? 100 గ్రాముల నారింజలో సుమారు 50 మిల్లీగ్రాములు. అడవి గులాబీ పండులో 400 అటూ ఇటూ ఉండటం మామూలు. జాతిని బట్టి, చోటును బట్టి అది 200కి దిగవచ్చు, 1000 దాటనూ వచ్చు. 1942లో మాగ్నస్ పైక్, రొనాల్డ్ మెల్విల్ బ్రిటన్ పండ్లను పరీక్షించి, ఉత్తరాన దొరికే జాతుల్లో విటమిన్ ఎక్కువనీ, దక్షిణాన విరివిగా పెరిగే రోజా కెనైనాలో తక్కువనీ చూపించారు.

ఇక చిక్కుముడి దగ్గరికి. విటమిన్ సి అంటే ఆస్కార్బిక్ ఆమ్లం. 1930ల మొదట్లో హంగరీలోని సెగెడ్ పట్నంలో ఆల్బర్ట్ సెంట్ జ్యోర్జీ దీన్ని స్థానికంగా పండే పాప్రికా మిరపకాయల నుంచి పెద్ద ఎత్తున వేరుచేశాడు. బర్మింగ్‌హామ్‌లో వాల్టర్ హేవర్త్ దాని నిర్మాణం తేల్చాడు. 1937లో ఇద్దరికీ నోబెల్ బహుమతులు వచ్చాయి. ఈ అణువు స్వభావం ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఎలక్ట్రాన్లు ఇచ్చేయడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మన శరీరంలో దాని ఉపయోగం ఆ గుణం వల్లే. గిన్నెలో దాని నాశనం కూడా ఆ గుణం వల్లే. గాలిలోని ఆక్సిజన్ తగిలితే దానికి ఎలక్ట్రాన్లు ఇచ్చి డీహైడ్రో ఆస్కార్బిక్ ఆమ్లంగా మారుతుంది. అక్కడిదాకా నష్టం లేదు, ఆ రూపాన్ని కూడా మన శరీరం తిరిగి విటమిన్‌గా వాడుకోగలదు. కానీ ఆ రూపం నిలకడ లేనిది. కాసేపటికి నీటితో చర్య జరిపి వలయం విడిపోయి డైకీటోగులోనిక్ ఆమ్లం అవుతుంది. అక్కడి నుంచి వెనక్కి దారి లేదు.

అంటే విటమిన్‌కు శత్రువు ఆక్సిజన్. వేడి, రాగి, ఇనుము, వెలుతురు, ఇవన్నీ ఆ శత్రువుకు సాయం చేసేవి. వీటన్నిటికన్నా వేగంగా పనిచేసే సహాయకుడు ఇంకొకడున్నాడు. చాలా మొక్కల కణాల్లో ఆస్కార్బేట్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పండు చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు అది తన గదిలో, విటమిన్ తన గదిలో. మనం పండును కోసినా నలిపినా గోడలు కూలి రెండూ కలుస్తాయి, గాలీ వచ్చి చేరుతుంది. ఆ క్షణం నుంచి నష్టం మొదలు. ఈ ఎంజైమ్ ఒక ప్రోటీన్ కాబట్టి మరిగే నీళ్ళలో పడితే దాని రూపం చెదిరి పనికిరాకుండా పోతుంది. గోరువెచ్చని నీళ్ళలో మాత్రం ఇంకా చురుగ్గా పనిచేస్తుంది.

ఇంకో సంగతి. చల్లని నీళ్ళలో ఆక్సిజన్ కరిగి ఉంటుంది, చేపలు బతికేది దానివల్లే. నీళ్ళు మరిగినప్పుడు ఆ గాలి దాదాపు అంతా బయటికి పోతుంది.

ఈ రెండూ కలిపి చూడండి. బ్రిటన్ కరపత్రం పండ్లను కచ్చాపచ్చాగా మరలో తిప్పి, తిప్పినవి తిప్పినట్టే అప్పటికే మరుగుతున్న నీళ్ళలో వేయమంది. చన్నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టమనలేదు. మరిగే నీళ్ళు ఎంజైమ్‌ను నిమిషంలో అణచేస్తాయి, వాటిలో ఆక్సిజన్ కూడా లేదు. లిండ్ పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. ఆయన రసం గాలికి విశాలంగా పరుచుకుని, మరగకుండా, గంటల తరబడి వేడిగా ఉంది. ఒక్కసారిగా గట్టిగా తగిలిన వేడి విటమిన్‌ను కాపాడింది. గాలితో కలిసి నెమ్మదిగా తగిలిన వేడి దాన్ని తినేసింది.

ఆ కరపత్రం కొలతలు ఇవి: 900 గ్రాముల పండ్లకు 1.7 లీటర్ల మరిగే నీళ్ళు. మళ్ళీ ఒక పొంగు రాగానే దించి పావుగంట ఉంచి వడకట్టాలి. పిప్పి మీద ఇంకో 850 మిల్లీలీటర్ల మరిగే నీళ్ళు పోసి, పది నిమిషాలుంచి మళ్ళీ వడకట్టాలి. రెండు రసాలూ కలిపి 850 మిల్లీలీటర్లకు మరిగించి, 560 గ్రాముల పంచదార వేసి, ఐదు నిమిషాలు కాచి, వేడి సీసాల్లో పోసి వెంటనే మూత బిగించాలి. ద్రాక్షలా పిండితే కారే పండు కాదిది, కండ పొడి పొడిగా ఉంటుంది. అందుకే రెండుసార్లు నీళ్ళలో ఊరనివ్వడం. వడకట్టేటప్పుడు మొదట దిగిన అరకప్పు రసాన్ని తిరిగి గుడ్డలోనే పోయమన్నారు. గుడ్డ రంధ్రాలు పిప్పితో కాస్త పూడుకోక ముందు దిగిన రసంలో నూగు ఉంటుంది కాబట్టి ఆ జాగ్రత్త ఎంతో అవసరం.

ఈరోజు ఇంట్లో చేసుకునేవాళ్ళకు నేను రెండు మార్పులు చెబుతాను. మొదటిది, మరకు బదులు మిక్సీ వాడకండి. మిక్సీ కోయడంతోపాటు రసంలోకి గాలిని చిలుకుతుంది. పండ్లు ఎర్రగా, ఇంకా గట్టిగా ఉన్నప్పుడు కోసి, రెండు కొసలూ తుంచి, కడిగి, ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి. కణాల్లో నీరు గడ్డకట్టి గోడలు చిట్లుతాయి. కరగనివ్వకుండా ఆ గడ్డ పండ్లనే కొద్దికొద్దిగా, మరుగు ఆగకుండా నీళ్ళలో వేయండి. మెత్తబడగానే పప్పుగుత్తితో మెదపండి. మంచు పడ్డాక కోసిన పండే తియ్యగా ఉంటుందని చలిదేశాల్లో పాతకాలం వాళ్ళ మాట. రుచికి అది నిజమే, కానీ కొమ్మ మీద మెత్తబడే కొద్దీ విటమిన్ తగ్గుతుంది. ఫ్రీజర్ ఆ మంచు పని చేసిపెడుతుంది, కొమ్మ మీద ఎదురుచూపు తప్పుతుంది. రెండో మార్పు, రసాన్ని మూడో వంతుకు మరిగించే పని మానేయండి. మొత్తం పనిలో విటమిన్ ఎక్కువగా పోయే మెట్టు అదే. మొదటే నీళ్ళు తగ్గించి, మొదటిసారి లీటరు, రెండోసారి అర లీటరు వాడితే అంత మరిగించాల్సిన అవసరం ఉండదు.

గిన్నె స్టీలుదో ఎనామెల్‌దో కావాలి. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు వద్దు, ఇనుప బాండీ కూడా వద్దు. లేశమాత్రం రాగి కరిగినా ఆక్సిజన్‌కు దారి సుగమం అవుతుంది. ఇందాకటి ఎంజైమ్ లోపల పనిచేసేది కూడా రాగి పరమాణువులే.

ఇప్పుడు నిలవ. ఇక్కడ చాలామంది పంచదారను నమ్ముకుని మోసపోతారు. పంచదార నీటిని పట్టేసుకుని సూక్ష్మజీవులకు దక్కనివ్వదు, నిజమే. కానీ బూజును, ఈస్టును అలా ఆపాలంటే పాకంలో బరువుకి 65 శాతం పైచిలుకు పంచదార ఉండాలి. 850 మిల్లీలీటర్లకు 560 గ్రాములు వేస్తే 40 శాతమే. 65 శాతానికి తేవాలంటే కిలోన్నరకు పైగా కావాలి. యుద్ధకాలపు రేషన్‌లో మనిషికి వారానికి దక్కే పంచదార సుమారు 225 గ్రాములు. అంటే ఆ 560 గ్రాములే ఒక మనిషికి రెండున్నర వారాల వాటా. ఆ కరపత్రం రాసినవాళ్ళు ఈ లెక్క తెలిసే రాశారు. నిలవ భారాన్ని సీసా మూతమీద పెట్టారు, చిన్న సీసాలే వాడమన్నారు, మూత తీశాక వారం రెండు వారాలకు మించి ఉండదన్నారు.

సీసాలో జరిగేది ఇది. వేడి వేడి రసాన్ని దాదాపు అంచుదాకా నింపి మూత బిగిస్తే, పైన మిగిలిన కొద్ది చోటులో ఉండేది ఎక్కువగా ఆవిరే. చల్లారినప్పుడు ఆవిరి నీరైపోయి అక్కడ దాదాపు శూన్యం ఏర్పడుతుంది. బయటి గాలి ఒత్తిడి మూతను లోపలికి అదిమి పట్టుకుంటుంది. సూక్ష్మజీవులు లోపలికి రాలేవు, ఆక్సిజన్ కూడా రాలేదు. ఆవకాయ జాడీలో పైకి తేలేలా నూనె పోయమని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పట్టుబట్టేది ఈ గాలి అడ్డు కోసమే. సీసాలను ముందుగా నీళ్ళలో మరిగించి, వేడిగా ఉండగానే నింపి, మూత బిగించాక మళ్ళీ మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉంచాలి.

ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు. గాలి లేని చోట పెరిగే బాక్టీరియం ఒకటుంది, క్లాస్ట్రీడియం బొట్యులినం. దాని విత్తులు మరిగే నీళ్ళకు చావవు, దాని విషం ప్రాణాంతకం. పీహెచ్ 4.6 కన్నా తక్కువ ఉన్న పులుపులో అది పెరగలేదు. గులాబీ పండు పులుపు నిమ్మ పులుపంత గట్టిది కాదు, పండును బట్టి మారుతుంది. కనుక పంచదార వేసేటప్పుడే లీటరు రసానికి రెండు మూడు నిమ్మకాయల రసం తప్పకుండా కలపండి. పులుపు విటమిన్ సిని కూడా నిలకడగా ఉంచుతుంది. ఇంత చేయడం కష్టమనుకుంటే రసాన్ని చిన్న డబ్బాల్లో, కాస్త ఖాళీ వదిలి, ఫ్రీజర్‌లో పెట్టేయండి. నా దృష్టిలో ఈనాటి ఇంటికి అదే అన్నిటికన్నా మంచి పద్ధతి.

ఇంత శ్రమకు దక్కేదెంతో లెక్క వేద్దాం. 900 గ్రాముల పండులో, 100 గ్రాములకు 400 చొప్పున, 3600 మిల్లీగ్రాములు. కాచడంలో, వడపోతలో సగం పోయిందనుకోండి, 1800 మిగిలింది. కరపత్రం ప్రకారం చేస్తే సిరప్ సుమారు 1.2 లీటర్లు వస్తుంది. అంటే 15 మిల్లీలీటర్ల చెంచాలో 22 మిల్లీగ్రాముల పైమాట. స్కర్వీని ఆపడానికి రోజుకు 10 మిల్లీగ్రాములు చాలని, యుద్ధకాలంలోనే షెఫీల్డ్‌లో, సైన్యంలో చేరడానికి మనస్సాక్షి ఒప్పుకోని యువకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఒక ప్రయోగంలో తేలింది. ఆ ప్రయోగం నడిపిన వాళ్ళలో జీవరసాయన శాస్త్రవేత్త హాన్స్ క్రెబ్స్ ఒకడు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో రోజుకు మగవారికి 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు ఉండాలంది. ఆ లెక్కన ఒక్క చెంచా పూర్తి అవసరం తీర్చదు కానీ, పచ్చికూర కనబడని చలికాలంలో పసిపిల్లను స్కర్వీ నుంచి కాపాడుతుంది.

పండుకు ఎరుపునిచ్చే లైకోపీన్, బీటా కెరోటీన్ రసంలోకి అంతగా దిగవు. అవి నూనెలో కరిగేవి, పిప్పితోనే ఉండిపోతాయి. స్వీడన్‌లో గులాబీ పండ్లను కండతో సహా జల్లెడ పట్టి, బంగాళాదుంప పిండితో చిక్కబరచి సూప్‌లా తాగుతారు. ఆ సూప్‌లో కెరోటీన్లు కూడా దక్కుతాయి.

అదే యుద్ధంలో మన దేశంలోనూ ఇదే పని జరిగింది. భారత సైనికులకు విటమిన్ సి కోసం ఇచ్చినది ఉసిరి, పొడిగానూ బిళ్ళలుగానూ. 1936లోనే మద్రాసులో ఎం. దామోదరన్, కె. ఆర్. నాయర్ ఉసిరికాయలోని ఒక టానిన్ ఆస్కార్బిక్ ఆమ్లాన్ని ఆక్సీకరణం నుంచి కాపాడుతుందని ప్రకటించారు. అప్పట్లో ఇలాంటి పోషకాహార పరిశోధనకు దేశంలో ముఖ్య కేంద్రం నీలగిరుల్లోని కూనూరు ప్రయోగశాల. 1958లో హైదరాబాద్‌కు తరలి వచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. కార్తీకంలో ఉసిరి చేతికందే తెలుగు ఇంటికి గులాబీ పండు కోసం వెతుక్కునే అవసరం లేదు. కానీ లండన్‌లోనో బోస్టన్‌లోనో ఉంటున్న తెలుగు కుటుంబానికి సెప్టెంబరు నెలలో ఈ పండు నడకదారి పక్కనే వేలాడుతూ ఉంటుంది.

అలా కోసేవాళ్ళు పండును సరిగా గుర్తుపట్టాలి. ముళ్ళ కొమ్మ, ఐదు నుంచి ఏడు చిన్న రంపపు అంచు ఆకులున్న ఆకురెమ్మ, చిన్న కూజా ఆకారంలో ఎర్రని పండు, దాని కొసన ఎండిన రక్షకపత్రాలు లేదా అవి రాలిన మచ్చ, కోస్తే లోపల నూగుతో పలుకులు. ఇవన్నీ కనబడితేనే కోయండి. బ్రిటన్ కంచెల్లో బ్రయొనీ, నైట్‌షేడ్ లాంటి విషపు ఎర్ర కాయలు కూడా అల్లుకుని ఉంటాయి. పురుగుమందు కొట్టిన తోట గులాబీలు, రద్దీ రోడ్ల పక్క పొదలు వద్దు. ఇంగ్లండ్, వేల్స్‌లలో దానంతటదే పెరిగిన మొక్క పండ్లను అమ్ముకోవడానికి కాక ఇంటి వాడకానికి కోసుకోవడం 1968 నాటి చట్టం ప్రకారం దొంగతనం కాదు. పొద మొత్తం దులపకండి, శీతాకాలంలో పక్షులకు అదే తిండి.

ఈ రసం జలుబు రాకుండా ఆపుతుందని చెప్పేవాళ్ళను నమ్మకండి. విటమిన్ సి రోజూ తీసుకున్నా మామూలు మనుషులకు జలుబులు తగ్గవనీ, వచ్చిన జలుబు పెద్దవాళ్ళలో సుమారు 8 శాతం త్వరగా పోతుందనీ ఎన్నో పరీక్షలను కలిపి చూసిన 2013 నాటి సమీక్షలో తేలింది. ఇంకో సంగతి మరీ ముఖ్యం. యుద్ధం తరువాత బ్రిటన్‌లో తల్లులు ఈ సిరప్‌ను పసిపిల్లల పాలపీకల మీద రాసి ఇచ్చేవాళ్ళు. విటమిన్ దక్కింది, పాలపళ్ళు పుచ్చిపోయాయి. అందుకని పిల్లలకు చెంచాతో, భోజనంతోపాటు, నీళ్ళలో కలిపి ఇవ్వండి, నిద్రపోయే ముందు ఇవ్వకండి.

సీసాలను చీకటిగా, చల్లగా ఉండే అలమరలో పెట్టండి, తేదీ రాయండి. నారింజ ఎరుపు గోధుమరంగుకు తిరుగుతుంటే విటమిన్ పోతున్నట్టే. మూత ఉబ్బినా, తీసినప్పుడు బుసబుస పొంగినా, పైన బూజు కనబడినా రుచి చూడకుండా పారబోయండి. మంచి సీసాను తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి రెండు వారాల్లోపు తాగేయండి.